నిజాం ఇచ్చిన బాంబర్లు: మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జీవితంలో మనం చదవని పేజీ

విజయవాడ వన్‌టౌన్‌లో అయినా, బందరులో అయినా, గుంటూరులో అయినా మన ఇళ్లల్లో నిజాం గారి మాట వస్తే రెండు పక్షాలు తయారవుతాయి. ఉస్మానియా ఆసుపత్రి కట్టించాడు, యూనివర్సిటీ పెట్టాడు, చెరువులు తవ్వించాడు అని ఒక పక్షం. రజాకార్లను ఆపలేదు, రైతు గోడు వినలేదు అని ఇంకో పక్షం. రెండు పక్షాలూ పెద్దగా మాట్లాడని విషయం ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో జర్మనీ మీద బాంబులు వేసిన ఒక బ్రిటిష్ దళానికి విమానాలు కొనిచ్చింది హైదరాబాద్ నిజామే. ఆ విమానాల పక్కన ఆయన పేరు, హైదరాబాద్ పేరు రాసి ఉండేవి. వాటిలో ఒకటి లండన్‌లో ఇప్పటికీ ఉంది.

ఆ విమానం పేరు డీహెచ్-9ఏ. దాని కథ, దాన్ని ఇచ్చిన మనిషి కథ కలిపి చదివితే ఉస్మాన్ అలీ ఖాన్ కాస్త వేరుగా కనిపిస్తారు.

పాతికేళ్లకు గద్దె

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ 6న హైదరాబాద్ పురానీ హవేలీలో పుట్టారు. తండ్రి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. తండ్రి చనిపోయిన తర్వాత 1911 ఆగస్టు 29న ఏడో నిజాంగా గద్దె ఎక్కారు. అప్పటికి వయసు 25. రాజ్యం పెద్దది, ఖజానా పెద్దది. కానీ పైన బ్రిటిష్ రెసిడెంట్ కన్ను ఎప్పుడూ ఉండేది.

మన కృష్ణా జిల్లా వాళ్లకు ఆ వంశంతో సంబంధం పాతదే. బందరు, ఏలూరు, రాజమండ్రి అన్నీ ఒకప్పుడు నిజాం సర్కార్లే. 1759లో బందరు కోట ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయింది. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కార్లు వాళ్ల పరమయ్యాయి, ఆ తర్వాత 1788లో గుంటూరు కూడా పోయింది. అయినా దారి తెగలేదు. నిజాం రైల్వే 1889లో బెజవాడ దాకా వచ్చింది. ఈ రోజు మనం హైదరాబాద్‌కు ఎక్కే రైలు దారి మొదట వేసింది ఆ కంపెనీయే.

అంటే ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె ఎక్కేనాటికి ఆ ఖాతాలో నష్టాల పద్దు పొడుగ్గానే ఉంది. కోస్తా పోయింది, రాయలసీమ పోయింది. బేరార్‌ను తండ్రి హయాంలో 1902లో శాశ్వత కౌలు పేరుతో కర్జన్ తీసుకున్నాడు. కొత్త నిజాం మనసులో బేరార్ ఒక ముల్లులా ఉండిపోయింది. బ్రిటిష్ వాళ్లతో ఆయన నడిపిన వ్యవహారం అర్థం కావాలంటే ఈ ముల్లును మర్చిపోకూడదు.

ఖలీఫాకు ఎదురుగా

1914లో యుద్ధం మొదలైంది. ఆ ఏడాది చివర్లో తుర్కీ సుల్తాన్ జర్మనీ పక్షాన చేరాడు. సుల్తాన్ అంటే మామూలు రాజు కాదు, ముసల్మానుల ఖలీఫా. ఆయన జిహాద్ పిలుపు ఇచ్చాడు. హిందుస్తాన్‌లో కోట్ల మంది ముసల్మానులున్నారు, ఫౌజులో పెద్ద భాగం వాళ్లే. ఇంగ్లీషు సర్కారుకు భయం పట్టుకుంది.

ఆ సమయంలో హైదరాబాద్ నిజాం ఒక ప్రకటన విడుదల చేశారు. హిందుస్తాన్ ముసల్మానులు బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయంగా ఉండాలన్నది దాని సారం. దేశంలో అతి పెద్ద ముస్లిం పాలకుడు ఈ మాట చెప్పడం బ్రిటిష్ వాళ్లకు పది రెజిమెంట్ల కన్నా ఎక్కువ పని చేసింది. మాటతోనే ఆగలేదు. హైదరాబాద్ లాన్సర్లు అనే గుర్రపు దళం ఈజిప్టుకు, అక్కణ్ణించి ఫలస్తీనుకు వెళ్లింది, ఖలీఫా సైన్యం మీదికే. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ దళాలకు గుర్తుగా నిలబెట్టినవే.

ఆ తర్వాత వచ్చిందే విమానాల బహుమతి. దాన్ని సరిగ్గా తూచాలంటే ఆ విమానం ఏమిటో తెలియాలి.

మూడు అన్నదమ్ముల కథ

డీహెచ్ అంటే డీ హావిలాండ్. జెఫ్రీ డీ హావిలాండ్ ఒక పాదరీ కొడుకు. లండన్ ఉత్తరాన హెండన్‌లో ఎయిర్‌కో అనే కంపెనీకి విమానాలు గీసి ఇచ్చేవాడు. ఆయన చేతి నుంచి వచ్చిన పగటి బాంబర్లు మూడున్నాయి. అన్నదమ్ముల్లాంటివి. పోలిక ఒకటే, రాత వేరు.

పెద్దది డీహెచ్-4. 1916 ఆగస్టులో మొదటిసారి ఎగిరింది. పైన ఒక జత, కింద ఒక జత రెక్కలు, మధ్యలో నిలువు కర్రలు, వాటికి బిగించిన తీగలు. కర్ర చట్రం మీద గుడ్డ కప్పి, లేపనం పూసేవారు. ముందు పైలట్, వెనక తుపాకీ పట్టుకుని అబ్జర్వర్. రోల్స్ రాయిస్ ఈగల్ ఇంజన్ పెడితే చాలా శత్రు విమానాలు దాన్ని అందుకోలేకపోయేవి. ఒకటే లోపం. పైలట్‌కూ అబ్జర్వర్‌కూ మధ్య పెట్రోల్ ట్యాంకు ఉండేది. శత్రువు వెనక నుంచి వస్తున్నాడని చెప్పాలన్నా మాట చేరేది కాదు. విమానం నేలకు గుద్దుకుంటే ఆ ట్యాంకే పైలట్ ప్రాణానికి ముప్పు.

నడిమిది డీహెచ్-9. 1917 ఎండాకాలంలో జర్మన్ గోథా బాంబర్లు పట్టపగలు లండన్ మీదికి వచ్చాయి. జూన్ 13 నాటి ఒక్క దాడిలోనే 162 మంది చనిపోయారు. బ్రిటిష్ కేబినెట్ కంగారుపడి విమాన దళాన్ని రెట్టింపు చేయాలని తీర్మానించింది. వేల సంఖ్యలో బాంబర్లు కావాలి, త్వరగా కావాలి. డీహెచ్-4 రెక్కలు, తోక అలాగే ఉంచి, పైలట్ సీటు వెనక్కి జరిపి అబ్జర్వర్ పక్కన పెట్టారు. ట్యాంకు ముందుకు పోయింది. మనుషుల సమస్య తీరింది. కానీ ఇంజన్ దగ్గర దెబ్బ తగిలింది. 300 హార్స్‌పవర్ ఇస్తుందనుకున్న ప్యూమా ఇంజన్ 230కే ఆగిపోయింది, అదీ తరచూ చెడిపోయేది. కొత్త విమానం పాత విమానం కన్నా నెమ్మది, ఎత్తు కూడా తక్కువ.

కామర్స్ చదివిన వాళ్లకు ఇక్కడ జరిగింది వెంటనే అర్థమవుతుంది. ఆర్డర్లు ముందే ఇచ్చేశారు. కార్ల కంపెనీలు, చివరికి వారింగ్ అండ్ గిల్లో అనే ఫర్నిచర్ కంపెనీ కూడా ఈ విమానాలు తయారు చేసే పనిలో దిగిపోయాయి. కర్ర పని కదా, బీరువాలు చేసే వడ్రంగులు రెక్కలు చేయగలరు. లైన్లు నడుస్తున్నాయి. ఇప్పుడు ఆపితే నెలల తరబడి చేతిలో ఏ విమానమూ ఉండదు. అందుకని లోపం తెలిసే తయారీ కొనసాగించారు. ఆ నిర్ణయం ధర కుర్రాళ్లు చెల్లించారు. 1918 మే నుంచి నవంబర్ వరకు 99, 104 నంబర్ల రెండు దళాల్లోనే 54 డీహెచ్-9లు శత్రువు కూల్చాడు, ఇంకో 94 ప్రమాదాల్లో పోయాయి.

చిన్నది డీహెచ్-9ఏ. అమెరికా వాళ్లు కొత్తగా చేసిన లిబర్టీ ఇంజన్‌కు 400 హార్స్‌పవర్. అది పెడితే విమానం బాగుపడుతుందని తేలింది. డీ హావిలాండ్ అప్పటికి డీహెచ్-10 పనిలో మునిగి ఉన్నాడు. అందుకని మార్పుల పని ఇంగ్లండ్ నైరుతిలో యోవిల్ ఊరి వెస్ట్‌ల్యాండ్ కంపెనీకి అప్పజెప్పారు. వాళ్లు రెక్కలను 42 అడుగుల నుంచి దాదాపు 46 అడుగులకు పెంచారు. బరువైన ఇంజన్‌ను మోయడానికి ఒంటిని గట్టిపరిచారు. ముక్కు ముందు పెద్ద చదరపు రేడియేటర్ పెట్టారు. లిబర్టీ ఇంజన్లు సమయానికి రాక మొదటి నమూనాను రోల్స్ రాయిస్ ఇంజన్‌తో ఎగరేశారు. లిబర్టీతో మొదటిసారి ఎగిరింది 1918 ఏప్రిల్ 19న.

వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. 16 వేల అడుగులు దాటి ఎక్కేది. ఐదు గంటలకు పైగా గాలిలో ఉండేది. మూడు వందల కిలోలకు పైగా బాంబులు మోసేది. ఇవాళ మనకు చిన్న లెక్కలే. అప్పటికి మాత్రం దాని జాతిలో అదే మేటి.

మొదటి దళం హైదరాబాద్ పేరుతో

ఈ కొత్త విమానం మొట్టమొదట ఏ దళానికి దక్కిందో చూడండి. 110 నంబర్ స్క్వాడ్రన్. దాని మొదటి విడత విమానాలన్నీ నిజాం బహుమతి. ఒక్కో విమానం పక్కన ఇది హైదరాబాద్ నిజాం ఇచ్చినదని ఇంగ్లీషులో రాసి, హైదరాబాద్ అనే పేరుతో ఒక నంబరు వేశారు. బహుమతి విమానాలకు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. విమానం కూలిపోతే దాని పేరు దాని స్థానంలో వచ్చిన కొత్త విమానానికి మారేది. దాత పేరు గాలిలోనే ఉండాలి కదా. దళానికే హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు స్థిరపడింది.

1918 ఆగస్టు చివరి రోజున దళం ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్‌కు బయల్దేరింది. సెప్టెంబర్ 14న మొదటి దాడి చేసింది. జర్మనీ లోపలి ఊర్ల మీద బాంబులు వేయడానికే ప్రత్యేకంగా పెట్టిన ఇండిపెండెంట్ ఫోర్స్‌లో ఇదొక భాగం. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా, కైజర్స్‌లాటర్న్ దాకా పగటి పూట వెళ్లేవారు. ఫైటర్ విమానాల కాపలా లేకుండా, గుంపుగా ఒకరి పక్కన ఒకరు ఎగురుతూ. తెరిచి ఉన్న సీట్లు, పైన గడ్డకట్టే చలి.

నవంబర్ 11న యుద్ధం ఆగింది. ఆ కొద్ది వారాల్లో దళం శత్రువు చేతిలో 17 విమానాలు, ప్రమాదాల్లో 28 విమానాలు పోగొట్టుకుంది. అప్పట్లో ఒక దళానికి మామూలుగా 18 విమానాలు. అంటే దళం మొత్తం రెండున్నర సార్లు తుడిచిపెట్టుకుపోయినట్టు లెక్క. ఒక్కో విమానంలో ఇద్దరు. మన ఊరి పేరు రాసి ఉన్న విమానాల్లో, మన ఊరు ఎక్కడుందో కూడా తెలియని ఇరవై ఏళ్ల కుర్రాళ్లు.

అదే 1918లో హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. దేశ భాషలో, ఉర్దూలో పై చదువులన్నీ చెప్పాలని పెట్టిన యూనివర్సిటీ. ఒకే ఏడాది, ఒకే సంతకం. ఒక కాగితం మీద విద్య, ఇంకో కాగితం మీద బాంబర్లు.

బహుమతికి బదులు ఏం వచ్చింది

యుద్ధంలో చేసిన సాయానికి బ్రిటిష్ వాళ్లు 1918లో ఆయనకు హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అనే బిరుదు ఇచ్చారు. దేశంలో ఇంకే సంస్థానాధీశుడికీ ఆ బిరుదు లేదు. బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు అనే హోదా కూడా ఇచ్చారు.

నిజాం గారికి కావలసింది బిరుదు ఒక్కటే కాదు, బేరార్. ఇంత చేశాం కదా, మా జిల్లాలు మాకివ్వండి అని అడిగారు. 1926లో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ జవాబు పంపాడు. బేరార్ ఇవ్వం అనడమే కాదు, బ్రిటిష్ కిరీటంతో సమానంగా మాట్లాడే హక్కు ఏ సంస్థానానికీ లేదని తేల్చి చెప్పాడు. మిత్రుడు అన్న మాట బిరుదులోనే ఉంది, లెక్కలో లేదు.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. ఏ ఖలీఫాకు ఎదురుగా నిజాం తన సైన్యాన్ని, తన మాటను నిలబెట్టారో, ఆ ఖిలాఫత్ 1924 మార్చిలో రద్దయింది. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను తుర్కీ నుంచి పంపేశారు. ఫ్రాన్స్‌లో డబ్బు లేక ఇబ్బంది పడుతుంటే ఆదుకున్నది ఎవరు? ఉస్మాన్ అలీ ఖానే. నెలకు 300 పౌండ్ల పింఛను బతికినంత కాలం ఇచ్చారు. 1931 నవంబర్ 12న నీస్ నగరంలో నిజాం పెద్ద కొడుకు ఆజం జాకు ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌తో, రెండో కొడుకు మొఅజ్జం జాకు అదే వంశం అమ్మాయి నీలోఫర్‌తో నికాహ్ జరిగింది. పదమూడేళ్ల కిందట ఎదురు పక్షం, ఇప్పుడు వియ్యం.

ఆయన పశ్చాత్తాపంతో చేశారా, రాజకీయ లెక్కతో చేశారా అన్నది ఎవరి ఊహ వాళ్లది. చేసిన పని మాత్రం కళ్ల ముందుంది.

విమానం రెండో జీవితం

యుద్ధం అయిపోయాక డీహెచ్-9ఏ పని అయిపోలేదు. అంతా కలిపి బ్రిటన్‌లో దాదాపు రెండు వేల విమానాలు తయారయ్యాయి. సోవియట్ రష్యా దాన్ని చూసి ఆర్-1 అనే పేరుతో తన సొంతంగా రెండు వేలకు పైగా చేసుకుంది. నౌకాదళం కోసం దాని నుంచి వెస్ట్‌ల్యాండ్ వాల్రస్ అనే మూడు సీట్ల రకం వచ్చింది. ఎండ దేశాలకు పంపిన వాటికి ముక్కు కింద ఇంకో రేడియేటర్ తగిలించారు. ఎడారిలో దిగాల్సి వస్తే ఇబ్బంది లేకుండా పక్కన ఒక స్పేర్ చక్రం కట్టుకుని తిరిగేవి.

ఆ ఎండ దేశాలు ఏవో చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఒకటి ఇరాక్, రెండోది మన వాయవ్య సరిహద్దు, వజీరిస్తాన్. 1920లలో బ్రిటిష్ వాళ్లకు ఎదురు తిరిగిన తెగలను అణచడానికి ఊళ్ల మీద బాంబులు వేసింది ఎక్కువగా ఈ రకం విమానాలతోనే. అవి నిజాం ఇచ్చిన విమానాలు కావు, నిజమే. కానీ అదే రకం. ముస్లిం పాలకుడి పేరుతో గాలిలోకి వెళ్లిన బాంబర్ తర్వాతి పదేళ్లు ముస్లిం పల్లెల మీద తిరిగింది. బహుమతి ఇచ్చేటప్పుడు దాన్ని రేపు ఎవరి మీద వాడతారో ఇచ్చినవాడి చేతిలో ఉండదు. ఆయుధం సంగతి ఎప్పుడూ ఇంతే.

ఇంకో కొస కూడా ఉంది. డీహెచ్-9ఏ పాతబడ్డాక వెస్ట్‌ల్యాండ్ వాళ్లే దాని రెక్కలు, విడి భాగాలు వాడుకుని వాపిటీ అనే విమానం చేశారు. 1933 ఏప్రిల్‌లో కరాచీలో భారత వాయుసేన మొదటి దళం మొదలైనప్పుడు చేతిలో ఉన్నవి నాలుగు వాపిటీలే. తర్వాత వాయుసేనాధిపతి అయిన సుబ్రతో ముఖర్జీ, మన వాళ్లలో అయిజాద్ బక్ష్ అవాన్ ఆ మొదటి పైలట్లలో ఉన్నారు. అంటే మన దేశ వాయుసేన తొలి విమానం, హైదరాబాద్ పేరు మోసిన విమానానికి కొడుకు వరస.

సొంత ఆకాశం ఖాళీ

రెండో ప్రపంచ యుద్ధంలోనూ నిజాం డబ్బు ఇచ్చారు. 152, 253 నంబర్ల ఫైటర్ దళాలకు కూడా హైదరాబాద్ పేరు చేరింది. 152 దళం చిహ్నం మీద నిజాం తలపాగా బొమ్మే ఉంటుంది. నమ్మకమైన మిత్రుడు అన్న మాటే వాళ్ల నినాదం.

ఈ మధ్య కాలంలో రాజ్యంలో చాలా పనులు జరిగాయి. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను కాపాడిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్, మంజీర మీద నిజాం సాగర్, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, 1932లో రైల్వే వాళ్ల బస్సులు, 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు. 1937లో టైమ్ పత్రిక ఆయన్ను ప్రపంచంలోనే అతి ధనవంతుడిగా ముఖచిత్రం మీద వేసింది. అదే రాజ్యంలో జాగీర్దార్ల కింద వెట్టి చాకిరీ, ఎన్నికైన సర్కారు లేకపోవడం, చివరికి తెలంగాణ రైతుల సాయుధ పోరాటం కూడా ఉన్నాయి. ఒక పేజీ చదివి ఇంకో పేజీ చించేస్తే చరిత్ర కాదు.

1947లో బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయారు. నమ్మకమైన మిత్రుడికి ఏ హామీ మిగల్చకుండానే వెళ్లారు. బ్రిటన్‌కు మూడు దళాలకు సాయం చేసిన హైదరాబాద్‌కు సొంతంగా యుద్ధ విమాన దళమే లేదు. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి దొంగచాటుగా ఆయుధాలు విమానాల్లో చేరవేశాడు. అతనే 1917లో పైలట్ల చలి బట్టలు కనిపెట్టినవాడు. ఆ రోజుల్లో బ్రిటిష్ పైలట్లు వేసుకున్న సిడ్‌కాట్ సూట్ అతని పేరు మీదిదే.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నాలుగు వైపుల నుంచీ కదిలింది. ఒక దారి మన విజయవాడ నుంచే. పైన భారత వాయుసేన టెంపెస్ట్ విమానాలు. వాటికి ఎదురు నిలిచే విమానం హైదరాబాద్‌కు ఒక్కటి కూడా లేదు. 17న నిజాం కాల్పులు ఆపమని ప్రకటించారు. ఆ రోజులు, ఆ తర్వాతి వారాలు మామూలు ముసల్మాను కుటుంబాలకు ఎంత కష్టంగా గడిచాయో అటు వైపు చుట్టాలున్న ప్రతి ఇంటికీ తెలుసు. గద్దె మీద కూర్చున్నవాళ్ల లెక్క తప్పితే వడ్డీ కట్టేది వీధిలో ఉన్నవాళ్లు.

చివరి పద్దు

ఉస్మాన్ అలీ ఖాన్ 1950 జనవరి 26 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడే దాకా రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నారు. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూశారు. జనాజాకు జనం పోటెత్తారు, హిందువులు, ముసల్మానులు అన్న తేడా లేకుండా. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో, తల్లి సమాధి దగ్గర ఖననం చేశారు.

ఇక ఆ విమానం. ఎఫ్-1010 నంబరు గల హైదరాబాద్ బహుమతి విమానాన్ని 1918 అక్టోబర్ 5న జర్మన్లు నేలకు దింపి పట్టుకున్నారు. యుద్ధం తర్వాత బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే కాపాడుకోవడానికి పోలండ్‌కు తరలించారు. బాంబర్‌నే బాంబుల నుంచి దాచారన్నమాట. అక్కడే దశాబ్దాలు ఉండిపోయింది. నిజాం పోయిన పదేళ్లకు, 1977లో, ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని బదులిచ్చి బ్రిటిష్ వాయుసేన మ్యూజియం దాన్ని తెచ్చుకుంది.

ఇప్పుడది లండన్ హెండన్‌లో ఉంది. దాని అన్నలను డీ హావిలాండ్ గీసిన ఊరది. మన డెల్టా పిల్లలు ఎంతోమంది చదువులకు, ఉద్యోగాలకు ఆ నగరంలో ఉన్నారు. వీలైతే ఒక ఆదివారం వెళ్లి చూడండి. ఎవరైనా ఇది మీ వాళ్లదా అని అడిగితే, అవునని చెప్పండి. ఎవరి కోసం ఇచ్చారు, దానికి బదులు ఏం దొరికింది అన్నది కూడా చెప్పండి.